మామయ్య ట్రెయిలర్ బాగుచేయించడానికి లోన్ తీసుకోవచ్చా?

గుంటూరు నుంచి ఒక పాఠకుడు ఇలా రాశారు: "మా మేనమామ ఎప్పుడో చేయించుకున్న క్యారవాన్ ట్రెయిలర్, కారు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు, ఆయన పోయాక పన్నెండేళ్లుగా అమరావతి రోడ్డులో తోటలో చెట్టు కింద పడి ఉంది. అత్తయ్య నన్ను తీసుకోమన్నారు. లోపలంతా కొత్తగా డిజైన్ చేయించి, వీకెండ్స్‌లో సూర్యలంక బీచ్ దగ్గర అద్దెకివ్వాలని ఆశ. 5 లక్షలవుతుందన్నారు. జీతం 75,000. అందులో హోమ్ లోన్ 18,000, సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసేది) 8,000, ఇంటి ఖర్చు 37,000 పోగా 12,000 మిగులుతుంది. ఎఫ్‌డీ 4.5 లక్షలుంది. పర్సనల్ లోన్ తీసుకోమంటారా?"

వద్దండీ. ట్రెయిలర్ బాగుచేయించుకోండి, మామయ్య గుర్తు అది, నాకూ అలాంటివి పాడుబడుతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. కానీ లోన్ మాత్రం వద్దు. 14 శాతం వడ్డీకి ఐదేళ్లకు 5 లక్షలు తీసుకుంటే నెలకు దాదాపు 11,630 కట్టాలి, మొత్తం చూస్తే వడ్డీయే 2 లక్షల దగ్గరికి వస్తుంది. అదే 12,000 ఆర్‌డీలో, అంటే బ్యాంకులో నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్‌లో, వేసుకుంటూ పోతే రెండున్నరేళ్లలో 3.6 లక్షలు మీ సొంత డబ్బు. ఎఫ్‌డీలో ఆరు నెలల ఖర్చుకి, ఈఎంఐతో కలిపి, 3.3 లక్షలు ముట్టుకోకుండా ఉంచండి, మిగతా 1.2 లక్షలతో పని మొదలుపెట్టండి. సిప్ ఆపొద్దు.

అసలు ఆ 5 లక్షల లెక్క ఎవరు చెప్పారో గానీ, రేకు విప్పకుండా చెప్పింది కదా, దాన్ని నమ్మకండి. ఇలాంటి ట్రెయిలర్లకి పైన అల్యూమినియం రేకు మెరుస్తూనే ఉంటుంది, లోపల చెక్క ఫ్రేము ఉంటే మాత్రం పైకప్పు అతుకుల్లోంచి, కిటికీల అంచుల్లోంచి దిగిన వాననీటికి మెత్తబడిపోయి ఉంటుంది. నేల మూలల్లో స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి, వెన్నలో దిగినట్టు దిగితే అక్కడ ఫ్రేము పోయినట్టే. తర్వాత ఒకరు లోపల టార్చి, సుద్దముక్కతో కూర్చుంటే ఇంకొకరు పైనుంచి పైపుతో నీళ్లు పట్టండి, చెమ్మ కనపడ్డ ప్రతిచోటా గీత పెట్టుకోండి. ఆ గీతలే మీ బడ్జెట్.

డబ్బు కూడా ఒక వరసలో పోవాలి. ముందు ఛాసిస్ (బండి మొత్తాన్ని మోసే కింది ఇనప చట్రం), యాక్సిల్ (చక్రాల ఇరుసు), బేరింగులు, బ్రేకులు, టైర్లు (గాట్లు బాగున్నాయని మురిసిపోకండి, టైరు పక్కన ఉండే నాలుగంకెల్లో మొదటి రెండూ తయారైన వారం, చివరి రెండూ సంవత్సరం, పన్నెండేళ్లు దాటినవి మార్చాల్సిందే), ఆ తర్వాత పైకప్పు, ఫ్రేము. గోడలు విప్పి ఉన్నప్పుడే వైరింగ్ లాగించి, మన ఎండలకి ఇన్సులేషన్ కూడా పెట్టించేయండి, మళ్లీ విప్పితే కూలీ రెండోసారి. సోఫాలు, లైట్లు అన్నీ చివర్లోనే. నా దగ్గరికొచ్చే ఒకాయన పాత వ్యాన్‌కి ముందు లోపల లామినేట్ వేయించి పైకప్పు తర్వాత చూద్దామనుకున్నారు, మొదటి వానకే అంతా ఉబ్బిపోయి ఊడబీకించాల్సి వచ్చింది. ఆయన ముఖం నాకింకా గుర్తుంది.

ఆటోనగర్‌లో కనీసం రెండు బాడీ షెడ్డులకి చూపించి, సామాను వేరు, కూలీ వేరుగా కొటేషన్ రాయించుకోండి. అడ్వాన్స్ ఒకేసారి ఇవ్వకుండా, పని అయినంతవరకే లెక్క కట్టి ఇవ్వండి.

అద్దె సంగతి. ఆ ఆదాయాన్ని ఇప్పుడు లెక్కలో వేయకండి. సొంత వాడకం బండిని అద్దెకి తిప్పుతుండగా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ క్లెయిమ్ పోయే ప్రమాదముంది. ట్రెయిలర్‌కీ సొంత రిజిస్ట్రేషన్ ఉండాలి, మామయ్య పేరు నుంచి మీ పేరుకి మారాలి, వారసత్వంగా వచ్చిన బండికి ఫారం 31 ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు కాబట్టి, డిజైన్ గీయించే ముందే ఆర్‌టీఓ ఆఫీసులో అడగండి. కాగితాలు దొరక్కపోతే రూపాయి కూడా పెట్టకుండా ఆగండి.

ఈ ఆదివారం తోటకెళ్లి ఆ రెండు పరీక్షలూ చేయండి. ఫొటోలు, ఛాసిస్ నంబరు, ఆర్‌సీ దొరికితే దాని కాపీ పంపించండి, వానలు మొదలయ్యేలోపు ఆ 1.2 లక్షల్లో పైకప్పుకి ఎంత, చక్రాలకి ఎంత అని కూర్చుని రాసుకుందాం. అప్పటిదాకా మంచి టార్పాలిన్ ఒకటి కప్పించండి.