పంపు పోయిన పికప్‌కి లక్ష పెట్టాలా, అమ్మేయాలా?

ప్రశ్న: మాది మదనపల్లె. కోలారు, బెంగళూరు వైపు టమాటా లోడ్లు వేసుకుంటూ సొంత పికప్ నడుపుకుంటున్నాను. బండికి ఎనిమిదేళ్లు, ఫైనాన్స్ తీరిపోయింది. నెల రోజులుగా పొద్దున్నే ఒక పట్టాన స్టార్ట్ కావడం లేదు, లోడ్ మీద ఎత్తు లాగడం లేదు. షోరూంలో హైప్రెషర్ పంపు, నాలుగు ఇంజెక్టర్లు కొత్తవి వేయాలి, రూ.1,10,000 అవుతుందన్నారు. టౌన్‌లో పంపు షాపాయన విప్పి బాగుచేసి ఇస్తాను, రూ.46,000 అంటున్నాడు. పాప కాలేజీ ఫీజుకని రూ.60,000 ఎఫ్‌డీ వేశాను, ఫీజు కట్టడానికి ఇంకా పది నెలలుంది. తెలిసినాయన నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇస్తానంటున్నాడు. బ్రోకరేమో ఉన్నది ఉన్నట్టు రూ.2,60,000కి ఇచ్చేసి, పది లక్షలు పెట్టి కొత్తది తీసుకోమంటున్నాడు. ఖర్చులన్నీ పోను నెలకు ముప్పై వేలు మిగులుతాయి. ఈ మధ్య డ్రమ్ముల్లో అమ్మే డీజిల్ తక్కువకు దొరికితే కొన్నాళ్లు పోయించాను. ఏం చేయమంటారు?

జవాబు: మీకు ఇద్దరు రేటు చెప్పారు గానీ, లోపల ఏం పోయిందో ఒక్కరూ చెప్పినట్టు లేదు. అది తేలేదాకా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకండి. ఇది మెకానిక్ చెప్పాల్సిన మాటలా అనిపించినా, మీ డబ్బు లెక్క మొత్తం దీని మీదే ఆధారపడి ఉంది.

మీ బండిలాంటి వాటిలో డీజిల్‌ను ఒత్తిడితో ఇంజెక్టర్లకు తోసే హైప్రెషర్ పంపుకి విడిగా ఆయిల్ ఉండదు, దాని గుండా పోయే డీజిలే ఆయిలు. అందులో నీళ్లో కిరోసినో కలిస్తే లోపలి భాగాలు ఒరుసుకుపోయి లోహపు పొడి రాలుతుంది. ఆ పొడి రైల్‌లోకి (ఇంజెక్టర్లకు డీజిల్ పంచే గొట్టం), ఇంజెక్టర్లలోకి పోతుంది, రిటర్న్ పైపు గుండా ట్యాంకులోకీ చేరుతుంది. అలా జరిగి ఉంటే పంపు ఒక్కటి మార్చి లాభం లేదు, కొత్త పంపూ త్వరగా పాడయ్యే ప్రమాదముంది. అసలు పొడే రాలకపోతే మాత్రం లోపం మీటరింగ్ వాల్వ్‌లోనో (పంపులోకి ఎంత డీజిల్ పోవాలో చూసేది), సీళ్లలోనో, ఒక్క ఇంజెక్టర్‌లోనో ఉండొచ్చు. ఒక్కోసారి మూసుకుపోయిన ఫిల్టరే ఇంత పనీ చేస్తుంది.

అందుకే మీరు దగ్గరుండి డీజిల్ ఫిల్టర్ విప్పించండి. అందులోని డీజిల్‌ను తెల్లటి ప్లాస్టిక్ మగ్గులోకి వంపి, ఎండలో పెట్టి మెల్లగా తిప్పి చూడండి. అడుగున వెండి పొడిలాంటి మెరుపు కనిపిస్తే పంపు అరిగిందన్నమాట. నీళ్లుంటే అవీ అడుగున గుండ్రంగా విడిగా కనిపిస్తాయి. పంపు మీది మీటరింగ్ వాల్వ్ కూడా విప్పించి చూడండి, పొడి అక్కడ ఇంకా బాగా దొరుకుతుంది. తర్వాత పంపునూ ఇంజెక్టర్లనూ టెస్ట్ బెంచ్ (వాటి పనితీరు కొలిచే యంత్రం) మీద పెట్టించి, రిపోర్టు కాగితం మీద తీసుకోండి. దీనికయ్యే ఖర్చు దగ్గర వెనకాడకండి. మదనపల్లెలో బెంచ్ లేకపోతే బెంగళూరుకైనా పంపించండి. ఆ పనిలోనే ఇంజిన్ కంప్రెషన్ (సిలిండర్లలో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటోందో) కూడా చూపించండి. కంప్రెషన్ పడిపోయి, ఆయిల్ కూడా తాగుతుంటే ఈ బండి మీద పెద్ద ఖర్చు పెట్టమని నేను చెప్పను.

ఇంజిన్ బాగుందనుకుందాం. అప్పుడు నా సలహా ఒకటే, బాగు చేయించి నడుపుకోండి. బ్రోకర్ మాట ప్రకారం పోతే మీ బండి పోను రూ.7,40,000 అప్పు మిగులుతుంది. 11 శాతం వడ్డీకి ఐదేళ్ల కిస్తీ నెలకు రూ.16,100 దాకా పడుతుంది, ఐదేళ్లలో వడ్డీయే రెండు లక్షల పాతిక వేలు. మీకు మిగిలే ముప్పై వేలల్లో సగానికి పైగా అక్కడికే పోతుంది. టమాటా రేటు పడిపోయి లోడ్లు లేని నెలలోనూ కిస్తీ ఆగదు. షోరూం వాళ్లు చెప్పిన లక్షా పదివేలు ఏడు కిస్తీలతో సమానం. అంత పెట్టినా, బాగైన బండి ఏడాది తిరిగితే మీరు నష్టపోయినట్టు కాదు.

అయినా షోరూం లెక్కకు వెంటనే తలూపకండి. పొడి లేదని తేలితే పంపు షాపు సరిపోతుంది. పొడి ఉంటే ట్యాంకు, పైపులు, రైల్ కడగడం కూడా ఆ రూ.46,000లోనే వస్తుందా అని అడిగి, బిల్లు మీద రాయించుకోండి. ఆరు నెలల గ్యారంటీ కూడా రాతలోనే ఉండాలి. తీసేసిన పాత సామాన్లు మీ చేతికి ఇవ్వమనండి. ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి, అరుగుదలనూ మెకానికల్ బ్రేక్‌డౌన్‌నూ మామూలు పాలసీ కవర్ చేయదు.

ఇక డబ్బు. నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. దయచేసి దాని జోలికి పోకండి. ఎఫ్‌డీని విరగ్గొట్టాల్సిన పనీ లేదు. సాధారణంగా బ్యాంకులు ఎఫ్‌డీ మీద 90 శాతం దాకా, దాని వడ్డీకి ఒకటి రెండు శాతం ఎక్కువకు అప్పిస్తాయి. ఎనిమిదిన్నర శాతానికి రూ.46,000 తీసుకుని నెలకు ఆరు వేల చొప్పున అసలు కడితే ఎనిమిది నెలల్లో తీరిపోతుంది, మొత్తం వడ్డీ రూ.1,400 చిల్లర. మూడు రూపాయల వడ్డీ ఆయన దగ్గర తెస్తే అదే మొత్తానికి మొదటి నెల వడ్డీయే రూ.1,380! పాప ఫీజు గడువుకు ముందే ఎఫ్‌డీ మళ్లీ పూర్తిగా మీదవుతుంది. పొడి బయటపడి ఖర్చు లక్ష దాటితే, తక్కువ పడిన డబ్బుకి మాత్రమే ఇంట్లో బంగారం బ్యాంకులో పెట్టండి, అదీ సీజన్ డబ్బుతో విడిపించగలననుకున్నంతే.

డ్రమ్ము డీజిల్ సంగతి రాశారు కాబట్టి చెబుతున్నాను. నెలకు మూడు వందల లీటర్లు వాడతారనుకుంటే, లీటరుకు ఐదు రూపాయలు మిగిలినా నెలకు రూ.1,500. మీ రిపేరు బిల్లు అలాంటి ముప్పై నెలల ఆదా. మీరు ఎటూ కర్ణాటక వైపే వెళ్తున్నారు, అక్కడ రేటు తక్కువ ఉన్నప్పుడు ములబాగల్ దగ్గర బంకులో కొట్టించుకోండి, బిల్లు తీసుకోండి. అనుమానం వస్తే బంకులో డెన్సిటీ (డీజిల్ సాంద్రత) చూపించమని అడిగే హక్కు మీకుంది. ఫిల్టర్ కింది నీళ్లు వారానికోసారి వదలండి.

అప్పు తీరాక ఆ ఆరు వేలల్లో సగం బండి పేరుతో ఆర్‌డీ (నెలనెలా వేసే డిపాజిట్) కట్టండి. క్లచ్ ప్లేట్లు, టైర్ల ఖర్చు ఎప్పుడూ చెప్పి రాదు. బండికి ఎనిమిదేళ్లు దాటాయి కాబట్టి ఇక ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) కూడా ఏటా చేయించాలి.

ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ వేస్తుంటే, చిన్న గూడ్స్ బండికి నెలకు రూ.7,500 చొప్పున ఆదాయం చూపే పద్ధతిలో ఈ రిపేరును విడిగా తగ్గించుకోలేరు. బిల్లు మాత్రం భద్రంగా దాచండి, రేపు అమ్మేటప్పుడు బేరానికి అదే ఆధారం.

బండి షాపులో ఉన్నన్నాళ్లూ మండీ వాళ్లకు కుదరదని చెప్పి ఊరుకోకండి. తెలిసిన పికప్ ఆయనకు ఆ లోడ్లు అప్పగించండి, బాడుగ పూర్తిగా ఆయనకే పోయినా ఫర్వాలేదు. బెంచ్ రిపోర్టు చేతికొచ్చాక దాని నకలు పంపండి, రెండు కొటేషన్లూ పక్కన పెట్టి మళ్లీ లెక్క చూద్దాం.