సరిహద్దు రోడ్ల అర్జీ గురించి రమణకు

చిరంజీవి రమణకు మామయ్య ఆశీస్సులు.

నీ అర్జీ చదివాను. ఒడిశాలో రాయగడ, గజపతి, కోరాపుట్ జిల్లాల్లో ఉన్న పెద్ద రోడ్లన్నిటికీ జాతీయ రహదారి నంబర్లు కావాలన్నావు. అంత చాంతాడు జాబితా పంపితే ఫైల్లో పెట్టి మర్చిపోతారురా. రెండే అడుగు. ఒకటి, రామభద్రపురం నుంచి బొబ్బిలి, పార్వతీపురం, కూనేరు మీదుగా రాయగడ వచ్చే రోడ్డు. అది 26వ నంబరు జాతీయ రహదారిని 326తో కలుపుతుంది. రెండోది, రాయగడ నుంచి గుణుపురం, కాశీనగర్ మీదుగా పర్లాకిమిడి. అక్కడ 326ఎ దొరుకుతుంది, నరసన్నపేటలో 16 ఎక్కేయొచ్చు.

నంబర్లు నువ్వే వేసేశావు, అవి కొట్టెయ్. 2010లో వచ్చిన పద్ధతిలో ఉత్తర దక్షిణాలకు సరి సంఖ్య, తూర్పు పడమరలకు బేసి. మూడంకెలుంటే చివరి రెండూ అసలు రోడ్డువి, అంటే 326 అనేది 26కి కొమ్మ. మన పాత 43 అప్పుడే 26 అయింది (పాత డ్రైవర్లు ఇంకా 43 అనే అంటారు). 1956 చట్టం రెండో సెక్షన్ కింద జాతీయ రహదారిగా ప్రకటించమని అడిగితే చాలు, నంబరు కేంద్రమే ఇస్తుంది.

నంబరు రాగానే గోతులు పూడిపోవు. కానీ రోడ్డు ఎవరిదో తేలుతుంది. ఇప్పుడు సరిహద్దులో గొయ్యి గురించి అడిగితే ఇటువాళ్ళు అటు, అటువాళ్ళు ఇటు చూపిస్తున్నారు కదా!

అర్జీలో "చాలా ఇబ్బందిగా ఉంది" అని నాలుగుసార్లు రాశావు. దాని బదులు టేపు పట్టుకుని వెళ్ళు. రెండు వరుసల రోడ్డుకి 7 మీటర్ల తారు ఉండాలి, ఒంటి వరుసకి 3.75. ఎక్కడ ఎంత ఉందో, ఏ కల్వర్టు దగ్గర లారీ, బస్సు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాలో కిలోమీటరు రాయితో సహా రాసుకో. బళ్ళ లెక్క వరసగా ఏడు రోజులు, రాత్రీ పగలూ తీయాలి. ఏటా రెండుసార్లు, పంటలు మార్కెట్‌కి వచ్చే రోజుల్లో ఒకసారి, ఖాళీ రోజుల్లో ఒకసారి. పత్తి బళ్ళు, పేపరు మిల్లు లారీలు అందులో విడిగా కనపడాలి. కుర్రాళ్ళని షిఫ్టులు వేసి కూర్చోబెట్టు, టీ ఖర్చు నాది.

ఇంకో మాట. ఆంధ్రా వైపు వాళ్ళ సంతకాలు లేకుండా పంపకు. మొదటి రోడ్డులో ఎక్కువ భాగం అక్కడే ఉంది, వాళ్ళ ఆర్ అండ్ బి (రోడ్లు, భవనాల శాఖ) కూడా ప్రతిపాదన పెడితేనే పని. భువనేశ్వర్‌కి ఒడియాలో, అమరావతికి తెలుగులో, ఢిల్లీకి ఇంగ్లీషులో, మూడింటిలోనూ ఒకే మ్యాపు. మ్యాపు గీశాక ముందు నాకు చూపించు.

మీ మామయ్య
రాయగడ