ఇంట్లో సంగతి ఎవరికీ చెప్పొద్దన్నారు.. నాకేమో గుండెదడ

ప్రశ్న: మాది నర్సంపేట. వయసు 17. ఇంటర్ సెకండియర్ బైపీసీ. టెన్త్‌లో మంచి మార్కులు వచ్చాయని సెంటర్లో నా ఫొటోతో ఫ్లెక్సీ కట్టారు. అప్పటి నుంచి ఊళ్లో అందరూ ‘డాక్టరమ్మ’ అనే పిలుస్తున్నారు. మూడు నెలలుగా ఉన్నట్టుండి గుండె దడదడలాడుతోంది. ఊపిరాడదు, వేళ్లు తిమ్మిరెక్కుతాయి, చచ్చిపోతానేమో అనిపిస్తుంది. ఈసీజీ, థైరాయిడ్, రక్త పరీక్షలు అన్నీ నార్మల్. నాన్న రోజూ రాత్రి తాగి గొడవ చేస్తారు. బయట ఆయనకు చాలా మంచి పేరు. ఎవరికైనా చెబితే పరువు పోతుందని అమ్మ అంటుంది. నాకు గుండె జబ్బు ఉందా?
- ఒక పాఠకురాలు

జవాబు: నువ్వు రాసిన లక్షణాలు, రిపోర్టులు చూస్తే గుండె జబ్బులా లేదు బిడ్డా. ఇవి పానిక్ ఎటాక్స్, అంటే ఉన్నట్టుండి ముంచుకొచ్చే తీవ్రమైన భయం అయి ఉండొచ్చు. పరుగెత్తేటప్పుడు స్పృహ తప్పినా, మీ ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉన్నా మాత్రం ఒకసారి కార్డియాలజిస్టుకు చూపించుకో.

రిపోర్టులు నార్మల్ అంటే నీ బాధ అబద్ధమని కాదు. ప్రమాదం ఉందనుకుని శరీరం అడ్రినలిన్ అనే హార్మోన్ వదులుతుంది, గుండె వేగం పెరుగుతుంది. గబగబా ఊపిరి తీయడంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, వేళ్లు తిమ్మిరెక్కి తల తిరుగుతుంది. సాధారణంగా పది నిమిషాల్లో ఇది తారస్థాయికి చేరి, అరగంటలోపు దిగిపోతుంది. అప్పుడు ఒకచోట కూర్చుని, ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ నెమ్మదిగా వదులు. చదువు కోసమని రాత్రిళ్లు టీ, కాఫీ తాగడం మానెయ్. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు వేసుకోవద్దు.

అసలు భారం ఇంకొకటి. రాత్రి ఇంట్లో గొడవ, తెల్లారి కాలేజీలో ఏమీ జరగనట్టు నవ్వు. ఇలా రోజూ దాచుకుంటూ తిరిగితే పెద్దవాళ్ల శరీరమే తట్టుకోదు. మీ అమ్మ మీద నాకు కోపం లేదు, చిన్న ఊళ్లో మాట ఎంత వేగంగా పాకుతుందో నాకూ తెలుసు. కానీ డాక్టరుకు చెప్పడం ఊరికి చెప్పడం కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం పేషెంటు వివరాలు గోప్యంగా ఉంచాలి. ప్రాణాపాయం లాంటి పరిస్థితుల్లోనే మినహాయింపు. నాన్న తాగుడు నీ వల్ల వచ్చింది కాదు, నీ ర్యాంకుతో పోయేదీ కాదు.

ఎవరైనా చూస్తారని భయంగా ఉంటే ముందు ఫోన్ చెయ్. మానసిక సమస్యల కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416. రోజంతా పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. తర్వాత అమ్మను వెంటబెట్టుకుని వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికి వెళ్లు. నీకు ఇంకా 18 నిండలేదు కాబట్టి చికిత్సకు పెద్దవాళ్ల సమ్మతి కావాలి. ఈ ఎటాక్స్‌కు భయపెట్టే ఆలోచనల తీరును మార్చుకోవడం నేర్పే సీబీటీ అనే కౌన్సెలింగ్ బాగా పనిచేస్తుంది. మందులు అందరికీ అవసరం పడవు.

అమ్మకు ఒక మాట. తాగుడు మాన్పిస్తుందని ఎవరో ఇచ్చిన పొడి మీ ఆయనకు తెలియకుండా అన్నంలో కలపొద్దమ్మా. అందులో తాగుడు మాన్పించడానికి డాక్టర్లు వాడే డైసల్ఫిరామ్ అనే మందు ఉంటే, దాని మీద తాగినప్పుడు బీపీ పడిపోయి ప్రాణం మీదకు రావచ్చు. ఏళ్ల తరబడి రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపినా రెండు మూడు రోజుల్లో ఫిట్స్, మతిభ్రమణం రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలోనే మాన్పించాలి. ఆయన కొడుతుంటే చూస్తూ ఊరుకోవద్దు. పాప కోసం చైల్డ్‌లైన్ 1098కు, మీకోసం మహిళా హెల్ప్‌లైన్ 181కు ఫోన్ చేయండి.

ఇంకొకటి గమనించాను. అందరూ డాక్టరమ్మ అంటున్నారని రాశావు కానీ, నీకు డాక్టరు కావాలని ఉందో లేదో ఎక్కడా రాయలేదు. కౌన్సెలర్‌తో ఆ సంగతి కూడా మాట్లాడు. జవాబు ఏదైనా పర్వాలేదు. చనిపోవాలన్న ఆలోచన ఏ క్షణంలో వచ్చినా, అది అర్ధరాత్రి అయినా సరే, అమ్మను లేపు, 14416కు గానీ అత్యవసర నంబర్ 112కు గానీ వెంటనే ఫోన్ చెయ్.