57వ పేజీ దగ్గర ఏమైంది?

అమ్మాయీ,

నువ్వు పంపిన కట్ట అందింది. చదివిన పుస్తకాల మీద నువ్వు రాసిన ఇరవై మూడు వ్యాసాలూ చదివాను. ఈమధ్య అందరికీ జవాబులు రాయడం లేదు, నీకూ రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. "మాలపల్లి" నవల మీద నువ్వు రాసినదాంట్లో రెండు వాక్యాలు ఊరుకోనివ్వలేదు.

"57వ పేజీ దగ్గర మా స్టాపు వచ్చింది, పుస్తకం మూసేశాను, మళ్లీ తెరవబుద్ధి కాలేదు." ఇది మొదటిది. ఆ పక్కనే రెండోది: "ఇంత గొప్ప నవలను పూర్తి చేయలేని నా అజ్ఞానాన్ని మన్నించాలి." ఇక అక్కడి నుంచి మూడు పేజీల పాటు ఉన్నవ లక్ష్మీనారాయణ గారు జైల్లో కూర్చుని రాయడం, 1922లో అచ్చు కావడం, తెల్లదొరల ప్రభుత్వం నిషేధించడం. అన్నీ నిజాలే. ఏ ముందుమాట తిప్పినా దొరుకుతాయి. నువ్వు తప్ప ఇంకెవరూ చెప్పలేని సంగతి ఆ వ్యాసంలో ఒక్కటే ఉంది, 57వ పేజీ దగ్గర ఏమైంది? భాష అడ్డొచ్చిందా? ఆ మనుషుల మంచితనం మీద నమ్మకం కుదరలేదా? ఇంట్లో పని గుర్తొచ్చిందా? అది చెప్పకుండా క్షమాపణ చెప్పుకున్నావు. చదివినవాళ్లు ఎవరికీ బాకీ ఉండరమ్మా. చదవలేకపోయినవాళ్లు అసలే ఉండరు.

"రెండేళ్లు ఉత్సాహంగా రాశాను మాస్టారూ, ఇప్పుడు కలం కదలడం లేదు, ఎవరైనా చదువుతున్నారో లేదో తెలియదు, ఆపేయమంటారా?" అని అడిగావు. కట్టనంతా తేదీల వారీగా పేర్చుకుని చూశాను. మొదట్లో రాసినవన్నీ నువ్వు వెతుక్కుని చదివిన పుస్తకాలు. లైబ్రరీలోవి, అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్నవి. చాసో కథ "వాయులీనం" గురించి రాస్తూ మీ అమ్మ తాకట్టు పెట్టిన గాజుల సంగతి ఎత్తావు చూడు, అది బాగుంది. రెండో ఏడు సగం నుంచి వరస మారింది. రచయితలు సంతకం పెట్టి పంపినవి, ఆవిష్కరణ సభలో చేతిలో పెట్టినవి, "ఒక్క మాట రాయమ్మా" అని అడిగి ఇచ్చినవి. అక్కడి నుంచి ప్రతి వ్యాసం "చదవడం మొదలుపెడితే ఆపలేకపోయాను" అని మొదలై "ప్రతి ఒక్కరూ తప్పక చదవాలి" అని ముగుస్తోంది. మధ్యలో కథ. నీ వ్యాసాలు పెళ్లిలో చదివింపులు రాసే పుస్తకంలా తయారయ్యాయి. ఎవరిచ్చిందీ వదలకుండా ఎక్కించావు, దేని ముందూ నువ్వు నిలబడలేదు. ఉత్సాహం పోయిందంటున్నావు గానీ, పోయింది నీ ఇష్టం. మొహమాటం మీద ఎవరూ రెండేళ్లకు మించి రాయలేరు.

ఈ మొహమాటాన్ని పెంచి పోషించింది మన పత్రికలే. ఒక వారపత్రికకు కొంతకాలం సమీక్షలు రాశాను, పేరు అనవసరం. సమీక్షకు రెండు ప్రతులు పంపాలని నియమం ఉండేది. ఒకటి ఆఫీసులో ఉంచుకుని ఒకటి నాకు పంపేవారు. ఒకసారి ఒక కవితా సంపుటిలో నాకు మింగుడుపడని చోట్లు నాలుగు, పేజీ నంబర్లతో సహా చూపించి రాశాను. అచ్చులో ఆ నాలుగూ లేవు. వాటి స్థానంలో "కవి మరికొంత శ్రద్ధ తీసుకుని ఉంటే బాగుండేది" అనే వాక్యం, నేను రాయనిది, నా పేరు మీద ఉంది. వెళ్లి అడిగాను. "స్థలాభావం మాస్టారూ, పైగా ఆయన మనవాడు" అన్నారు సంపాదకులు. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు. స్థలం లేదన్న ఆ సంచికలోనే ఆవిష్కరణ సభల ఫొటోలకు రెండు పేజీలు కేటాయించారు. ఇప్పుడు పత్రికల్లో సమీక్షకు ఆ కాస్త చోటూ పోయింది. కవరు పేజీ బొమ్మ, ధర, ప్రతులకు చిరునామా, మధ్యలో నాలుగు పొగడ్తలు. దీనికి తోడు ఏడాదికి వంద పుస్తకాలు చదివామని లెక్కలు చెప్పుకోవడం ఒకటి వచ్చింది. వందలో ఒక్కదాని గురించి అడిగి చూడు, కథ చెబుతారు.

అందుకే నేను పట్టుబట్టి చెప్పేది ఒకటే. పేజీ నంబరు లేనిదే పుస్తకం గురించి ఒక్క ముక్క రాయకు. నాకు నువ్వు ఈ ఒక్క మాట వింటే చాలు, మిగిలిన ఉత్తరం చించి పారేసినా సరే. ఎక్కడ ఆగావో ఆ పేజీ నంబరు వెయ్యి. అక్కడున్న మూడు నాలుగు వాక్యాలు నీ చేత్తో ఎత్తిరాయి. ఫోన్లో ఫొటో తీసుకుంటే కుదరదు, చేత్తోనే రాయాలి. ఎత్తిరాసేటప్పుడు రచయిత ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో చేతికి తెలుస్తుంది, ఏ మాట ఎందుకు అక్కడ పడిందో తెలుస్తుంది, ఏది ఊరికే పడిందో కూడా తెలిసిపోతుంది. దాని కింద, నువ్వక్కడ ఎందుకు ఆగావో రాయి. రెండు వాక్యాలే వస్తే రెండే. ఏమీ రాకపోతే ఎత్తిరాసినదాన్నే ఉంచు, తేదీ వెయ్యి. ఓపిక లేని రోజున కూడా అంత పని చేయొచ్చు. నువ్వు వ్యాసం పూర్తి చేయాలని కూర్చుంటున్నావు, అందుకే కూర్చోబుద్ధి కావడం లేదు.

ముద్రణ కూడా రాసుకో. ఒక ప్రచురణలో 57వ పేజీ ఇంకోదాంట్లో 80 కావచ్చు. "కన్యాశుల్కం" లాంటిదైతే పేజీతో పాటు అంకం, స్థలం వెయ్యి. ఇరవై ఏళ్ల తర్వాత నీకే అవసరం పడుతుంది.

ఎవరు చదువుతారు అన్నావు. విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్ల దగ్గర బుచ్చిబాబు నవల "చివరకు మిగిలేది" పాత ప్రతి ఒకటి కొన్నాను. అట్ట ఊడిపోయింది, మొదటి పేజీలో పేరున్న చోట బ్లేడుతో గీకేశారు. లోపల ఎవరో ఎర్ర పెన్సిలుతో చదివారు. ఎక్కువ గీతలు లేవు. కథానాయకుడు దయానిధి తన గురించి తాను తర్కించుకునే చోట, ఒక పేరా పక్కన నిలువుగా గీత గీసి, మార్జిన్లో "అబద్ధం" అని రాశారు. అంతే. అక్షరం కుదురుగా ఉంది, "ద్ధ" కింద పెన్సిలు ముల్లు విరిగి కాగితం కొద్దిగా చిరిగింది. ఆ మనిషి ఆడో మగో తెలియదు, బతికున్నారో లేదో తెలియదు. ఆ పేరా దగ్గరికి వచ్చినప్పుడల్లా వాళ్లతో వాదిస్తూనే ఉన్నాను. ఒకప్పుడు వాళ్లది మూర్ఖత్వం అనుకున్నాను, ఇప్పుడు ఆ మాటలో సగమైనా నిజం ఉందనుకుంటున్నాను. ఆ "అబద్ధం" రాసినవాళ్లు పాఠకుల సంఖ్య చూసుకుని రాయలేదు. పేజీ మీద, సరైన చోట, తమకు తోచింది రాశారు. ఆ కొట్లో ఆ రోజు నేను చెయ్యి చాపేదాకా దాన్ని ఎంతమంది చూశారో! నీ ఇరవై మూడు వ్యాసాల్లో అంత గట్టిగా నిలబడిన మాట నాకు ఒక్కటే దొరికింది, అది కూడా నువ్వు క్షమాపణ చెప్పుకున్న చోట.

ఇంకో సంగతి. కొత్తవాటి వెంట పడకు. కలం ఆగిపోయినప్పుడు కొత్త పుస్తకం కొనడం అందరూ చేసే పని. నువ్వు పాతదాన్ని తియ్యి. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నన్ను రంపచోడవరం అవతల ఒక ఆశ్రమ పాఠశాలకు వేశారు. వాగు పొంగితే బస్సు రాదు, పత్రిక రాదు, ఉత్తరం రాదు. ట్రంకు పెట్టెలో నాలుగే పుస్తకాలు. "కన్యాశుల్కం" అంతకు ముందు చదివినప్పుడు గిరీశం తప్ప ఎవరూ కనబడలేదు. అక్కడ, లాంతరు వెలుగులో రెండోసారి, మూడోసారి చదివితే లుబ్ధావధాన్లు కూతురు మీనాక్షి కనబడింది. ఇంటెడు జనం మధ్య ఆ మనిషి గతి ఏమిటని అడగాలని అప్పుడు తోచింది. లాంగ్ నోట్‌బుక్కులో ఆమె మాట్లాడిన ప్రతి చోటూ వరసగా ఎత్తిరాశాను. ఆ తర్వాత నేను అచ్చు వేసిన మొదటి వ్యాసం ఆ కాగితాల్లోంచే వచ్చింది. కొత్త పుస్తకాలు అందుబాటులో ఉండి ఉంటే మీనాక్షిని దాటుకుని వెళ్లిపోయేవాణ్ణి.

గురజాడ సంగతి చూడు. ఆ నాటకం 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది. మెప్పు వచ్చింది. అయినా ఆయన దాన్ని వదలకుండా తిరగరాసి 1909లో రెండో కూర్పు వేశాడు. మనం చదువుతున్నది ఆ రెండోదే. రాసినవాడే పన్నెండేళ్ల తర్వాత మళ్లీ మొదటికి వచ్చిన పుస్తకాన్ని మనం ఒక్కసారి చదివి అభిప్రాయం చెప్పేసి పక్కన పెడతామా? కట్టమంచి రామలింగారెడ్డి గారు 1914లో "కవిత్వతత్త్వవిచారము" అనే విమర్శ పుస్తకం వేసినప్పుడు కొత్త పుస్తకాల జోలికి పోలేదు. మూడొందల ఏళ్లకు పైబడిన పింగళి సూరన కావ్యాన్ని ముందేసుకుని, నచ్చింది నచ్చిందన్నారు, నచ్చనిది నచ్చలేదన్నారు. ఆయనతో నేను చాలాచోట్ల ఏకీభవించను. అయినా ఆయనతో పోట్లాడాలంటే మళ్లీ సూరన దగ్గరికే పోవాలి. పుస్తకం మీద రాసింది పుస్తకం దగ్గరికే తోలాలి కదా!

మాలతీ చందూర్ గారు "పాత కెరటాలు" శీర్షికలో కథే చెప్పేవారు కదా అని నువ్వు అడగవచ్చు. నిజమే. స్వాతి మాసపత్రికలో ఏళ్ల తరబడి నెల తప్పకుండా ఇంగ్లీషు నవలల్ని తెలుగులో పరిచయం చేశారామె. అప్పట్లో చిన్న ఊళ్లో ఉన్న ఇల్లాలికి ఆ నవలలు దొరికే దారి లేదు, దొరికినా ఇంగ్లీషు రాదు. ఆవిడ చెప్పిన కథే వాళ్లకు ఆ పుస్తకం. మా అక్క ఆ పేజీలు కత్తిరించి దారంతో కుట్టుకునేది. నువ్వు కథ చెబుతున్న పుస్తకాలు తెలుగులోనే ఉన్నాయి, ఏ పుస్తకాల కొట్టుకు వెళ్లినా దొరుకుతాయి. కావలసినవాళ్లు కొనుక్కుని చదువుకుంటారు, వాళ్లకు నీ కథతో పని లేదు. ఆవిడ దగ్గర నేర్చుకోవలసింది వేరే ఉంది. ఆ నెలలో ఏది విడుదలైందని చూడలేదు. ఆ శీర్షిక పేరులోనే ఉంది పాతవని.

నువ్వడిగినవాటిలో మిగిలినవి: ఇంగ్లీషులో కూడా రాయాలా అనేదానికి నేను జవాబు చెప్పను. నిడివి ఎంత ఉండాలనేది నాకు పట్టలేదు. సంకలనం వేసుకోవచ్చా అన్నావు, ముందుమాట రాయమన్నావు. ముందుమాట రాయను, ఎవరికీ రాయడం మానేశాను.

సంతకం చేసి పంపినవాళ్లకు ఏం చెప్పాలో కూడా అడిగావు. "అందింది, కృతజ్ఞతలు" అని ఒక కార్డు ముక్క చాలు. నచ్చితే రాస్తావు, లేకపోతే లేదు. నొచ్చుకునేవాళ్లు నొచ్చుకుంటారు. నాతో మాట్లాడటం మానేసిన రచయితలు ఈ ఊళ్లోనే ఉన్నారు. ఎదురుపడితే తల తిప్పుకుంటారు. బాధగానే ఉంటుంది. ఆ బాధకు భయపడి బాగుందని రాసి ఉంటే, నిజంగా బాగున్నదాన్ని బాగుందన్నప్పుడు నా మాట ఎవరు నమ్ముతారు?

నెల రోజుల పాటు ఒక్క వ్యాసం కూడా రాయకు. చాసో కథల్ని మళ్లీ తియ్యి, నీకు ఇష్టమైన పుస్తకం అదేనని నీ కట్టే చెబుతోంది. రోజుకు ఒక పేజీ నంబరు, దాని కింద ఎత్తిరాసిన నాలుగు వాక్యాలు. ఆ పైన చేతికి వస్తే రాయి. నెలయ్యాక ఆ నోట్‌బుక్కులోంచి నీకు తోచిన రెండు పేజీలు జిరాక్సు తీయించి పంపు. కొట్టివేతలు అలాగే ఉండనీ, సాపు రాయకు. నా పాత చిరునామా మారింది, కొత్తది కవరు వెనక రాశాను. ఫోన్ చెయ్యొద్దు, పుస్తకాల సంగతి ఫోన్లో నాకు తెగదు.

ఆశీస్సులతో,
మాస్టారు