ఆన్‌లైన్ వేలంలో చివరి క్షణపు బిడ్‌ను యంత్రానికి అప్పగించవచ్చా?

వేలం ముగియడానికి కొన్ని సెకన్ల ముందు మన తరఫున బిడ్ వేసిపెట్టే స్నైపింగ్ సేవలను నమ్ముకోవచ్చా, అలా గెలవడం తోటి పాటదారులకు అన్యాయం కాదా అన్నది ప్రశ్న. నేను పాత ఫౌంటెన్ పెన్నులు సేకరిస్తాను. నా దగ్గరున్న మంచి పెన్నుల్లో చాలావరకు ఈ పద్ధతిలోనే చేతికి వచ్చాయి. నిస్సంకోచంగా నమ్ముకోవచ్చని, అందులో అన్యాయం ఏమాత్రం లేదని నా అభిప్రాయం. అయితే ఈ సేవలను వాడేవారిలో చాలామంది వేగం వల్ల గెలుస్తున్నామనుకుంటారు, ఓడినవారు కూడా వేగం లేకనే ఓడామనుకుంటారు. ఈ రెండు నమ్మకాలూ ఎంత తప్పో ఒక పెన్ను వేలంలో కళ్లకు కట్టినట్టు చూశాను కాబట్టి దాని గురించే కాస్త వివరంగా రాస్తాను.

ఆన్‌లైన్ వేలాలు నడిపే ఈబే సైటులో ఆ పెన్నును అమ్మకానికి పెట్టినవారికి పెన్నుల గురించి పెద్దగా తెలిసినట్టు లేదు. పాత సామాన్లలో దొరికిన నల్ల పెన్ను అని ఒక్క వాక్యం రాసి, మసకగా ఉన్న కొన్ని ఫొటోలు జతచేశారు. వాటిలో ఒకదానిలో పాళీ పక్కవాటుగా కనిపిస్తోంది. భుజాల దగ్గర సన్నబడుతూ, పొడవైన చీలికతో ఉన్న ఆ ఆకారాన్ని చూస్తే, అది వేలి ఒత్తిడికి విచ్చుకుని గీతను సన్నగానూ వెడల్పుగానూ మార్చగల మెత్తని బంగారు పాళీ అని ఏళ్ల తరబడి పెన్నులతో గడిపినవారికి అర్థమవుతుంది. పక్కనున్న మీటను ఎత్తి సిరా నింపుకునే రకం కాబట్టి లోపలి రబ్బరు సంచి ఈపాటికి గట్టిపడిపోయే ఉంటుంది, కానీ దాన్ని మార్చడం కష్టమైన పని కాదు. విక్రేత చెప్పని విలువ ఆ పాళీలో ఉంది.

ఇలాంటి వస్తువుపై నాలుగు రోజుల ముందే బిడ్ వేయడమంటే, నాకు తెలిసిన రహస్యాన్ని నేనే అందరికీ చాటి చెప్పడం. ఎవరూ పట్టించుకోని పెన్నుకు ఒక్కసారిగా పాట పెరిగితే, అందులో ఏదో ఉందని ఇతరులు ఫొటోలను మళ్లీ తెరిచి చూస్తారు. ఇది నా ఊహ మాత్రమే కాదు. ఆల్విన్ రాత్, ఆక్సెల్ ఓకెన్‌ఫెల్స్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు 2002లో ప్రచురించిన పరిశోధనలో ఈబే వేలాలను పరిశీలించి, కంప్యూటర్ల కంటే పురాతన వస్తువుల వేలాల్లో చివరి నిమిషపు బిడ్లు ఎక్కువగా వస్తున్నాయని చూపించారు. కంప్యూటరు వెల ఎంతో ఎవరైనా దుకాణాల ధరలు చూసి తెలుసుకోగలరు. పాత వస్తువు వెలను మాత్రం దాన్ని గుర్తించగలవారి చూపే నిర్ణయిస్తుంది, ఆ చూపు ఉన్నవారు దాన్ని చివరిదాకా దాచుకుంటారు.

నేను ఆ పెన్నుకు 180 డాలర్ల వరకు ఇవ్వదలచుకున్నాను. ఆ మొత్తాన్ని స్నైపింగ్ సేవలో నమోదు చేసి, ముగింపుకు ఆరు సెకన్ల ముందు వేయమని పెట్టి, నిద్రపోయాను, ఎందుకంటే వేలం ముగిసే సమయానికి నాకు అర్ధరాత్రి దాటుతుంది. తెల్లవారి లేచి చూస్తే పెన్ను 129 డాలర్ల 50 సెంట్లకు నాకు దక్కింది. బిడ్ల చరిత్ర తెరిచి చూశాను. సాయంత్రమంతా ఇద్దరు వ్యక్తులు ఒకరిమీద ఒకరు డాలరు, రెండు డాలర్ల చొప్పున పెంచుకుంటూ పోయి, చివరి నిమిషానికి పాటను 62 డాలర్ల దగ్గర నిలిపారు. నా బిడ్ పడిన రెండు సెకన్ల తరువాత, అంతవరకు జాడే లేని మూడో వ్యక్తి నుంచి 127 డాలర్ల బిడ్ వచ్చింది. అది కూడా యంత్రం వేసినదేనని నా గట్టి నమ్మకం.

ఈబేలో మనం గరిష్ఠ మొత్తాన్ని చెప్పినంత మాత్రాన అంతా చెల్లించనక్కరలేదు. మన తరువాతి స్థానంలో ఉన్న వ్యక్తి చెప్పిన మొత్తానికి ఒక మెట్టు పైన మాత్రమే వెల నిలుస్తుంది. 100 నుంచి 250 డాలర్ల లోపు ఆ మెట్టు రెండున్నర డాలర్లు. అందుకే 127కు రెండున్నర కలిపి 129.50 అయింది. రెండో అత్యధిక ధరనే విజేత చెల్లించే వేలంలో, వస్తువు తనకు నిజంగా ఎంత విలువ చేస్తుందో అంతే చెప్పడం ప్రతి ఒక్కరికీ లాభమని ఆర్థికశాస్త్రవేత్త విలియం విక్రీ 1961లోనే నిరూపించారు. 1996లో ఆయనకు నోబెల్ పురస్కారం తెచ్చిన కృషిలో అది ముఖ్యమైన భాగం.

ఆ తరువాత కొద్ది రోజులకు, పెన్నుల సేకర్తలు కలుసుకునే ఒక బృందంలో, సాయంత్రమంతా పాట పెంచిన ఇద్దరిలో ఒకరు తన బాధను రాశారు. యంత్రం పెట్టుకున్నవాళ్లు తన పెన్నును లాక్కుపోయారని, ఇంకో పది సెకన్లు దొరికి ఉంటే తాను 150 వరకు వెళ్లేవాడినని ఆయన ఫిర్యాదు. చివరి రెండు సెకన్లలో ఆయన 80 అని వేయబోతే, వెల అప్పటికే దాటిపోయిందని సైటు తిరస్కరించిందట. ఆయన ఆవేదనను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు, ఎందుకంటే ఆ పెన్ను మీద ఆయనకున్న ప్రేమ నా ప్రేమకంటే తక్కువేమీ కాదు. కానీ లెక్క చూడండి. ఆయన ఆ 150ని సాయంత్రమే గరిష్ఠ మొత్తంగా పెట్టి ఉంటే, నా 180 వచ్చాక పెన్ను 152.50కి నాకే దక్కేది. మూడో వ్యక్తి వేసిన 127 లెక్కలోకే వచ్చేది కాదు. ఆయన 185 అని పెట్టుకుని ఉంటే, నా యంత్రం ఎంత వేగంగా పనిచేసినా పెన్ను 182.50కి ఆయన ఇంటికే వెళ్లేది. ఆయనను ఓడించింది ఆరు సెకన్లు కాదు, మొత్తాన్ని ముందే తేల్చుకోకపోవడం.

డాలరు డాలరుగా పాకే ఈ అలవాటుపై నాకు చాలాకాలంగా అభ్యంతరం ఉంది. అలా పెంచేవారు వస్తువు విలువ గురించి కాక, తమ పేరు పైన ఉందా కింద ఉందా అన్న సంగతి గురించే ఆలోచిస్తుంటారు. పక్కవాడు పెంచాడన్న పౌరుషంతో వెల పెరుగుతుందే తప్ప వస్తువు మారదు. దీనివల్ల వారూ నష్టపోతారు, వచ్చే నెల అలాంటి వస్తువే కొనాలనుకునే మిగతావారూ నష్టపోతారు. ఈ వేడిలో నేను లేకుండా, ప్రశాంతంగా కూర్చుని పాళీని చూసి నిర్ణయించిన మొత్తానికి నన్ను కట్టిపడేయడమే యంత్రం చేసే అసలు మేలు.

ఇంతకంటే తీవ్రమైన సమస్య దొంగ పాట. విక్రేత తానే మరో ఖాతాతోనో, స్నేహితుల చేతనో తన సరుకు మీద బిడ్లు వేయించి వెల పెంచడం చట్టవిరుద్ధం. 2010లో బ్రిటన్‌లో ఒక విక్రేతకు ఇదే నేరానికి కోర్టు శిక్ష కూడా విధించింది. మనం రోజుల ముందే గరిష్ఠ మొత్తం వేసి ఉంచితే, అలాంటివారికి మెట్టు మెట్టుగా పెంచుతూ మన పరిమితి ఎక్కడుందో వెతుక్కునే తీరిక దొరుకుతుంది. ఆరు సెకన్లలో ఆ వెతుకులాటకు వ్యవధి ఉండదు. ఇంత నిజాయితీగా కాపాడే పద్ధతిని పట్టుకుని మోసమంటే నాకు నిజంగా కష్టంగా ఉంటుంది. ఈబే నిబంధనలు కూడా చివరి క్షణపు బిడ్లను నిషేధించలేదు.

ఇది ఇంటర్నెట్ తెచ్చిన దుర్గుణమని అనేవారికి మరో సంగతి చెప్పాలి. ఇంగ్లండులో ఒకప్పుడు కొవ్వొత్తి ముక్కను వెలిగించి, అది ఆరిపోయేలోగా వచ్చిన చివరి పాటకే వస్తువును ఇచ్చేవారు. దినచర్య రాతలతో పేరుపొందిన ఆంగ్లేయుడు శామ్యూల్ పెపిస్ 1662లో పాత ఓడల అమ్మకాన్ని చూసి తన దినచర్యలో రాసుకున్నారు: అక్కడ ఒకడు ప్రతిసారీ చివరి పాట తనదే అయ్యేలా చూసుకుంటున్నాడు, కారణమడిగితే మంట ఆరే ముందు పొగ కిందికి దిగుతుందని, దాన్ని చూసే పాడతానని చెప్పాడు. ముగింపు క్షణం ముందే నిర్ణయమై ఉన్నచోట, ఆ క్షణం కోసం కాచుకుని ఉండేవారు ఎప్పుడూ ఉన్నారు.

ఇక యంత్రాన్ని ఎంతవరకు నమ్మవచ్చు అన్న అసలు ప్రశ్నకు వస్తే, అది విఫలమయ్యే సందర్భాలు కొన్నే, అవన్నీ తెలిసినవే. అన్నిటికంటే మామూలుగా జరిగేది, మనం పెట్టిన మొత్తాన్ని పాట అప్పటికే దాటిపోవడం. చాలామంది దీన్ని సేవ వైఫల్యంగా చెప్పుకుంటారు కానీ ఇందులో యంత్రం తప్పేమీ లేదు. ఖాతా పాస్‌వర్డ్ మార్చి, సేవలో మార్చడం మరిచిపోతే బిడ్ పడదు. లాగిన్ సమయంలో సైటు ఫోనుకు కోడ్ పంపి అడిగితే, ఆ అర్ధరాత్రి దాన్ని ఎక్కించేవారుండరు. కాబట్టి వేలానికి ఒక రోజు ముందే సేవ ఖాతాలోకి వెళ్లగలుగుతోందో లేదో సరిచూసుకోవాలి. మన పాస్‌వర్డ్‌ను మూడో మనిషి చేతికి ఇవ్వడమే ఈ పద్ధతిలో నిజమైన ప్రమాదం కాబట్టి, అది మరెక్కడా వాడనిదై ఉండాలి. సొంత కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రాం వాడితే పాస్‌వర్డ్ బయటకు పోదు కానీ, కరెంటు, ఇంటర్నెట్, కంప్యూటర్ గడియారం మూడూ సరిగ్గా ఉండాలి. అందుకే నేను ఈస్నైప్, గిక్సెన్ వంటి సర్వర్ మీద నడిచే సేవలవైపే మొగ్గుతాను.

ఒకటి, రెండు సెకన్ల ముందు వేయమని పెట్టేవారు నెట్‌వర్క్ ఆలస్యంతో పందెం కాస్తున్నారు. ఆరు సెకన్లయితే మనిషి చూసి, ఆలోచించి, తిరిగి బిడ్ వేయడానికి చాలదు, యంత్రానికి మాత్రం ధారాళంగా సరిపోతుంది. ఇద్దరి గరిష్ఠ మొత్తాలు సమానమైతే ముందు వేసినవారికే వస్తువు దక్కుతుంది, స్నైప్ ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేదే కాబట్టి 150 వంటి పూర్తి సంఖ్యలు వాడకుండా 153.37 వంటి మొత్తం పెట్టుకోవాలి. వేసిన బిడ్‌ను వెనక్కి తీసుకోవడానికి సవాలక్ష షరతులుంటాయి కానీ, ఇంకా పడని స్నైప్‌ను ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. ఒకే రకం పెన్ను అనేక వేలాల్లో ఉన్నప్పుడు అన్నిటికీ స్నైపులు పెట్టి, ఒకటి గెలవగానే మిగతావి రద్దయ్యేలా చేసే సదుపాయం కూడా కొన్ని సేవల్లో ఉంది.

అయితే ఇదంతా ముగింపు సమయం కదలని వేలాలకే వర్తిస్తుంది. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని పిలిచే మామూలు వేలంలో ఎవరైనా మళ్లీ పాడితే లెక్క మొదటికొస్తుంది కదా, కొన్ని సైట్లు అదే పద్ధతిని పాటిస్తాయి. అమెజాన్ కొంతకాలం నడిపిన వేలాల్లో చివరి పది నిమిషాల్లో బిడ్ వస్తే గడువు మరింత పెరిగేది, రాత్, ఓకెన్‌ఫెల్స్ పోల్చి చూసినప్పుడు అక్కడ ఆఖరి నిమిషపు బిడ్లు ఈబే కంటే చాలా తక్కువగా కనిపించాయి. న్యూజిలాండ్‌లోని ట్రేడ్ మీలో చివరి రెండు నిమిషాల్లో బిడ్ పడితే మరో రెండు నిమిషాలు కలుస్తాయి. అలాంటి చోట్ల స్నైపింగ్ సేవకు డబ్బు కట్టడం దండగ. అక్కడ నేను నా గరిష్ఠ మొత్తాన్ని సైటులోనే నేరుగా నమోదు చేసి, వేలం ముగిశాక ఫలితం చూసుకుంటాను.