వీధందరికీ తెలుసు, మాకు తప్ప

ప్రశ్న: అక్కా నమస్తే. మాది విశాఖపట్నం, ఈ అపార్ట్‌మెంట్‌కి వచ్చి నాలుగేళ్లయింది. మా అబ్బాయి ఇంటర్ సెకండియర్. పోయిన నెల వాడి బ్యాగులో గంజాయి పొట్లం దొరికింది, గట్టిగా అడిగితే ఆరు నెలల నుంచీ అలవాటని ఒప్పుకున్నాడు. అంతకంటే బాధ ఏంటంటే కింద కిరాణా కొట్టాయనకి తెలుసంట, వాచ్‌మన్‌కి తెలుసంట, మూడో ఫ్లోర్ ఆంటీకీ తెలుసంట, వెనక ఖాళీ సైట్‌లో రోజూ సాయంత్రం ఇంకో నలుగురు కుర్రాళ్లతో కూర్చునేవాడంట, ఒక్కరంటే ఒక్కరు మాకు చెప్పలేదు. ఇలాంటి మనుషుల మధ్య ఉండొద్దు, ఇల్లు మారిపోదాం అంటున్నారు మా వారు. మారితే వాడు బాగుపడతాడా?
- ఒక తల్లి

జవాబు: అమ్మా, ఒకటి అడుగుతాను, కోప్పడకండి. ఆర్నెల్ల కిందట ఆ వాచ్‌మన్ మీ గుమ్మం ముందుకొచ్చి మీ బాబు దగ్గర వాసన తేడాగా ఉందమ్మా అనుంటే ఇంట్లో ఏమనేవాళ్లు? చాలా ఇళ్లల్లో వచ్చే మాట "మా వాడు అలాంటోడు కాదు, నీ పని నువ్వు చూస్కో" అనే. నాకు తెలిసిన ఒక కాలనీలో ఇస్త్రీ బండి ఆవిడకి ఒక కుర్రాడి చొక్కా జేబులో పొట్లం దొరికింది, పేపర్ ముక్కలో చుట్టి రెండ్రోజులు బండి కింద దాచుకుంది, ఎవరికి చెప్పాలో తెలీక చివరికి అదే జేబులో పెట్టేసి ఇచ్చేసింది. ఎందుకంటే అంతకుముందు ఓసారి అదే ఇంట్లో జేబులో వంద నోటు కనపడలేదని ఆవిడనే దొంగని చేశారు. ఆ పిల్లాడి సంగతి ఇంట్లో తెలిసేసరికి ఏడాది పట్టింది, నాకు ఇప్పటికీ ఆ రెండ్రోజులే గుర్తొస్తాయి.

అంటే తప్పు మీదేనని కాదు. చెప్పే చనువు, వినే ఓపిక రెండూ ఉన్న చోటే ఇరుగుపొరుగు పిల్లల్ని కాస్తారు. రాబర్ట్ శాంప్సన్ అనే సోషియాలజిస్టు, ఇంకో ఇద్దరు కలిసి 1995లో చికాగోలో 343 పేటల్లో 8,782 మందిని అడిగినవాటిలో ఇదొకటి, పిల్లలు బడి ఎగ్గొట్టి వీధి మూలన నిలబడితే మీ పక్కవాళ్లు కలగజేసుకుంటారా అని. కలగజేసుకుంటాం, ఒకరినొకరు నమ్ముతాం అన్న పేటల్లో, పేదరికం లెక్కలోకి తీసుకున్నా కూడా, కొట్లాటలు నేరాలు తక్కువ. అది మత్తు గురించి చేసింది కాదులెండి, మత్తు సంగతికి ఐస్‌లాండ్ చూడాలి. అక్కడ 15, 16 ఏళ్ల పిల్లల్లో గడిచిన నెలలో తాగి మత్తెక్కినవాళ్లు 1998లో 42 శాతం ఉంటే 2016కి 5 శాతం, ఎప్పుడైనా గంజాయి ముట్టినవాళ్లు 17 నుంచి 7కి వచ్చారు. తల్లిదండ్రులు కలిసి మా పిల్లల్ని రాత్రిళ్లు బయట వదలం అని సంతకాలు పెట్టుకున్నారు, వారాంతాల్లో వంతులేసుకుని వీధుల్లో నడిచారు, సర్కారు ఆటలకీ సంగీతానికీ డబ్బు పెట్టింది.

అలాగని అందరూ దగ్గరగా ఉంటే చాలు అనుకోకండి, మీ వాడు, ఆ నలుగురు కూడా దగ్గరివాళ్లే కదా, ఒకడి ద్వారానే ఇంకొకడికి అంటుతుంది. బాగా కలిసిమెలిసి ఉండే వీధుల్లోనే పరువు పోతుందని దాచిపెట్టడం కూడా ఎక్కువ.

అందుకే ఇల్లు మారడం నాకు నచ్చలేదు. సరుకు ఫోన్ కొడితే ఎక్కడికైనా వస్తుంది, కొత్త చోట మీ వాడి పేరు కూడా ఎవరికీ తెలీదు. ముందు వైద్యం మొదలుపెట్టండి, 14446కి ఫోన్ చేస్తే మీకు దగ్గర్లో డీఅడిక్షన్ సెంటర్ చెప్తారు. మానేసిన మొదటి రెండు వారాలు నిద్ర పట్టదు, చీటికిమాటికి చిరాకు, తిండి సయించదు, అది పొగరు అనుకుని కొట్టొద్దు. కేసు భయం ఉంటే ఇది తెలుసుకోండి, మత్తుమందుల మీద ఉన్న ఎన్డీపీఎస్ చట్టంలో 64-ఎ సెక్షన్ ప్రకారం తక్కువ పరిమాణంతో పట్టుబడిన అలవాటుపడ్డవాళ్లు తమంతట తాము గుర్తింపు ఉన్న చోట చికిత్సకి వెళ్లి అది పూర్తిచేస్తే ప్రాసిక్యూషన్ ఉండదు, గంజాయికి ఆ పరిమాణం కిలో దాకా. అమ్మేవాడి సంగతి మాత్రం మన రాష్ట్ర పోలీసుల మత్తుమందుల ఫిర్యాదు నంబరు 1972కి ఫోన్ చేసి చెప్పండి, మీ పేరు బయటికి రాకూడదని కూడా అడగండి.

ఇక ఆ నలుగురి అమ్మలు. వాళ్లకి కూడా ఇంకా తెలిసుండదు, మీకు ఎవరూ చెప్పలేదన్న బాధ ఏంటో మీకే తెలుసు కాబట్టి మీరే వెళ్లాలి, మీ వాడివల్లే మా వాడు చెడ్డాడు అని కాకుండా మా వాడు కూడా ఉన్నాడు అని మొదలుపెట్టండి. కొట్టాయన్ని, వాచ్‌మన్ని, మూడో ఫ్లోర్ ఆవిడని కూడా కలవండి, అయితే ముందు మీ వాడికి చెప్పి వెళ్లండి, వాడి వెనక వాడి గురించి వీధిలో మాట్లాడారని తెలిస్తే ఉన్న కాస్త నమ్మకం పోతుంది. ఎందుకు చెప్పలేదని వాళ్లని అడగొద్దు. ఇక మీదట ఏం కనపడ్డా చెప్పండి, మేమేం అనుకోం అనండి, ఆ మూడో ఫ్లోర్ ఆవిడ దగ్గర కాసేపు కూర్చుని మరీ చెప్పండి.