విరిగాక బాగయ్యే ఫ్రేమ్ కొనుక్కో, అల్లుడూ

చి॥ అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్ చేసింది. దాచుకున్న డబ్బులు పెట్టి ఐదంగుళాల రెక్కలతో, పల్టీలు కొట్టించే ఫ్రీస్టైల్ డ్రోన్ కట్టుకుంటావట, దానికి విరగని ఫ్రేమ్, అంటే అన్నీ బిగించే చట్రం, ఏదో నన్ను అడగమన్నావట. విరగని ఫ్రేమ్ ఎక్కడా లేదురా. విరిగిన సాయంత్రమే బాగుచేసుకుని మర్నాడు ఎగరేయగలిగితే దాన్నే నేను గట్టి ఫ్రేమ్ అంటాను.

నా మొదటి ఫ్రేమ్‌కి మోటార్లు మోసే నాలుగు చేతులూ, అదే ఆర్మ్‌లూ, అడుగు ప్లేటూ కలిపి ఒకటే పలక. తేలిగ్గా ఉందని మురిసిపోయాను. కళింగపట్నం దగ్గర సరుగుడు తోటలో చెట్ల మధ్య నుంచి దూరుస్తుంటే ఒక ఆర్మ్ మానుకి కొట్టుకుని, చివర రెండు వేళ్ల మేర పొరలు పొరలుగా చీలిపోయింది. ఆ ఒక్క ఆర్మ్ కోసం మొత్తం పలక మార్చాలి. మోటారుకి మూడు తీగల చొప్పున పన్నెండు చోట్ల సోల్డర్ విప్పి మళ్లీ అతికాను. ఆదివారమంతా దానికే పోయింది, మీ అత్తయ్య చేత తిట్లు అదనం.

అందుకే విడి ఆర్మ్‌లున్నది తీసుకో. ఒక ఆర్మ్ మార్చాలంటే ఎన్ని స్క్రూలు విప్పాలో, పైనున్న ఎలక్ట్రానిక్ బోర్డులు కదపాలో అక్కర్లేదో ముందే చూసుకో. ఫ్రేమ్‌తో పాటే రెండు ఆర్మ్‌లు అదనంగా తెప్పించు. పార్సిల్ కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం ఎంత విసుగో నాకు తెలుసు.

మందం దగ్గర పీనాసితనం వద్దు. రేసింగ్ వాళ్లు బరువు తగ్గాలని నాలుగు మిల్లీమీటర్ల ఆర్మ్ వేసుకున్నా వాళ్ల లెక్క వేరు. నీకు ఐదు ఉండాలి, కాంక్రీటు మీద ఎగరేస్తే ఆరు. వెడల్పు అంతే ఉంటే నాలుగు నుంచి ఐదుకి వెళ్లినప్పుడు వంగకుండా నిలిచే బిగువు దాదాపు రెట్టింపవుతుంది. కాకపోతే మోటారు స్క్రూలు కూడా ఒక మిల్లీమీటరు పొడుగువి కావాలి. మరీ పొడుగైతే మోటారు లోపలి వైండింగ్‌కి, అంటే రాగి తీగ చుట్లకి, తగిలి మోటారు కాలిపోతుంది. కొలిచి బిగించు.

ఇంకోటి, నేత. మీ తాతయ్య పొందూరు పంచె పట్టుకుని పోగు వెంట లాగు, సాగదు. ఐమూలగా లాగు, సాగుతుంది. ఈ ఫ్రేమ్‌లు చేసే కార్బన్ ఫైబర్ కూడా నేతే. ఆర్మ్ పొడవునా పోగు నడిస్తేనే దానికి బలం. గళ్లు ఆర్మ్‌కి ఐమూలగా కనిపిస్తే నేనైతే కొనను. కోసిన అంచు కూడా చూడు. పైన మాత్రమే నల్లగా ఉండి లోపలి పొరలు తెల్లగా కనిపిస్తే అది గ్లాస్ ఫైబర్ మీద వేసిన ముసుగు. అంచుల్ని నీళ్లలో తడిపిన ఎమెరీ పేపర్‌తో రుద్ది, పల్చగా సూపర్ గ్లూ పూయి. పొడిగా మాత్రం రుద్దకు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. కార్బన్‌లో కరెంటు పారుతుంది కాబట్టి తీగలు ఆనే చోట టేపు చుట్టు.

కెమెరాని ముందు ప్లేట్లు దాటి బయటికి రానివ్వకు. దాని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

పడిన ప్రతిసారీ ఆర్మ్‌ని రూపాయి బిళ్లతో తట్టి విను. బాగున్నది టక్‌మంటుంది. లోపల పొర విడిపోయినదైతే డొల్లగా మోగుతుంది. కంటికి ఏమీ కనిపించకపోయినా దాన్ని తీసెయ్.

బ్యాటరీతో కలిపి నీది 250 గ్రాములు దాటిపోతుంది, 2021 డ్రోన్ రూల్స్ లెక్కలో అది మైక్రో తరగతి. ఎగరేసే ముందు డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ రంగులో ఉందో చూడు. భోగాపురం వైపు మాత్రం అసలు వెళ్లకు, అక్కడ ఎయిర్‌పోర్టు.

పండక్కి వచ్చేటప్పుడు ఫ్రేమ్ విప్పకుండా అట్టపెట్టెలోనే తీసుకురా. మొదటి ఆర్మ్ నేను బిగిస్తాను, మిగతా మూడూ నువ్వు.

మీ మావయ్య,
శ్రీకాకుళం